పచ్చని బడికి మనసారా ఒక స్తుతి

ముందుగా ఒహాయోను పొగడాలి. అమెరికాలోని ఆ రాష్ట్రం 2007లో ఒక మంచి షరతు పెట్టింది. రాష్ట్ర నిధులతో కట్టే ప్రభుత్వ బడులన్నీ లీడ్ అనే హరిత భవన ప్రమాణంలో కనీసం సిల్వర్ మెట్టు ఎక్కాలి, వీలైతే గోల్డ్ అందుకోవాలి. అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ బడుల కోసమే విడిగా ఒక లీడ్ ప్రమాణం తెచ్చి అప్పటికి కొద్ది నెలలే అయింది. కంపెనీలు పేరు కోసం, మంచి అద్దె కోసం తమ ఆఫీసులకు పచ్చ ఫలకాలు తగిలించుకుంటున్న రోజులవి. ఓటు లేని పిల్లల కోసం ఒక రాష్ట్రం ఆ ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. ఆ తర్వాత అక్కడ వందలాది బడులు ఆ ఫలకం సంపాదించాయి. ఇంత పట్టుదలగా ఈ పని చేసిన రాష్ట్రాలు అమెరికాలో కొన్నే ఉన్నాయి.

ఆ ప్రమాణం పిల్లలకు ఇచ్చింది తక్కువేమీ కాదు. తరగతి గదిలో ఏసీ, గాలి యంత్రాలు చేసే రొద 45 డెసిబెళ్లు దాటకూడదన్నది అందులో తప్పనిసరి షరతు. వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు, ఒక చెవి సరిగ్గా వినపడని పిల్లవాడికి, ఇంట్లో తెలుగో స్పానిషో మాట్లాడి బడిలో మాత్రమే ఇంగ్లీషు వినే పిల్లలకు ఈ ఒక్క షరతు ఎంత మేలు చేస్తుందో పాఠం చెప్పేవాళ్లకు తెలుసు. గోడల రంగుల నుంచి, జిగురుల నుంచి, నేలమీద పరిచే వాటి నుంచి ఘాటు ఆవిర్లు రాకుండా సరుకు ఎంచుకుంటే పాయింట్లు వస్తాయి. పగటి వెలుగు గది లోపలిదాకా వస్తే పాయింట్లు వస్తాయి. బయటి గాలి తగినంత లోపలికి రావడం తప్పనిసరి. వాన నీరు ఎటు పోతుంది, కరెంటు ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కల్ని పిల్లలకు పాఠంగా చెబితే దానికీ ఒక పాయింటు ఉంది. బడి భవనమే పాఠ్యపుస్తకం కావాలన్న ఆ ఆలోచన నాకెంతో నచ్చింది. దాన్ని రాసినవాళ్లెవరో పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్లే అయ్యుంటారు.

ఈ మెచ్చుకోలులో మొక్కుబడి మాట ఒక్కటీ లేదు. ఇకమీదట చెప్పేదీ మెచ్చుకోలే. తమ పని చక్కగా చేసినవాళ్లను వరసగా పొగుడుతూ పోతే, చెయ్యకుండా మిగిలిపోయిన పని ఏదో, అది ఎవరిదో దానంతట అదే బయటపడుతుంది. నేను స్తుతి దారి పట్టింది అందుకే.

సైకిళ్ల గురించి ఆ ప్రమాణంలో ఉన్న నిబంధన చూడండి. మూడో తరగతి దాటిన పిల్లల్లో, సిబ్బందిలో కనీసం 5 శాతం మందికి సరిపడా సైకిలు స్టాండ్లు ఉండాలి. సైకిళ్ల కోసం విడిగా దారి వెయ్యాలి. ఆ దారి కనీసం రెండు దిక్కుల్లో బడి స్థలం అంచుదాకా ఏ అడ్డూ లేకుండా సాగాలి. బడి కట్టినవాళ్లు ఆ దారి వేశారు. నున్నగా వేశారు, గీతలు గీశారు, సరిగ్గా అంచుదాకా తీసుకెళ్లారు. అంచు దాటాక భూమి వాళ్లది కాదు. అక్కడి నుంచి రోడ్డు కౌంటీది. ఊరవతల మొక్కజొన్న చేల మధ్య కట్టిన బడి అయితే ఆ రోడ్డుకు కాలిబాట ఉండదు, పక్కన నడిచే చోటు ఉండదు, కార్లు ఊరి వేగం మరిచిపోయి దూసుకుపోతుంటాయి. పదేళ్ల పిల్లను సైకిలు మీద ఆ రోడ్డెక్కించే తల్లి ఉండదు. స్టాండ్లు ఖాళీగా ఉంటాయి, పాయింటు మాత్రం వచ్చింది. దారి వేసిన మేస్త్రీని నేను తప్పుపట్టను. గీత గీసిన ఇంజినీరునూ తప్పుపట్టను. తమ చేతిలో ఉన్న భూమి మీద వాళ్లు చెయ్యగలిగినదంతా చేశారు. ఆ భూమి ఎక్కడుండాలో నిర్ణయించినవాళ్ల గురించే మాట్లాడుకోవాలి.

లీడ్ వాళ్ల లెక్క దాపరికం లేనిది. 2009 నాటి బడుల ప్రమాణంలో మొత్తం 110 పాయింట్లు. 50 వస్తే సిల్వర్, 60 వస్తే గోల్డ్, 80 వస్తే ప్లాటినం. ఇంధనం, వాతావరణం అన్న ఒక్క విభాగంలోనే 33 ఉన్నాయి. బడి ఊరి మధ్య, జనం మసలే చోట ఉంటే 4. బస్సో రైలో దగ్గరగా ఉంటే మరో 4. పంట భూమినీ వరద ముంపు నేలనూ వదిలేసి స్థలం ఎంచుకుంటే 1. ఈ మూడూ కలిపి తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఒక్కటీ రాకపోయినా ఇంకా 101 చేతిలో ఉంటాయి. గోల్డ్‌కు కావలసింది 60. సారవంతమైన పొలంలో, ఏ ఇంటికీ నడక దూరం కాని చోట కట్టిన బడి కూడా నిజాయితీగా, ఒక్క అంకె మార్చకుండా గోల్డ్ అందుకోవచ్చు. అంకెలు ఇంత తేటగా ముద్రించి పెట్టినందుకు ఆ కౌన్సిల్‌ను మెచ్చుకుంటున్నాను. చదివినవాడికి దాని లోపం కూడా అంతే తేటగా కనిపిస్తుంది.

మరి బడులు పొలాల్లోకి ఎందుకు పోయాయి? దాని వెనకా ఒక మంచి ఉద్దేశమే ఉంది, దాన్నీ పొగడాలి. అమెరికాలో బడుల ప్లాన్లు వేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఒకటి ఏళ్ల తరబడి ఎకరాల లెక్క ఒకటి సూచించింది. ప్రాథమిక బడికి 10 ఎకరాలు, ఆపైన ప్రతి వంద మంది పిల్లలకు మరో ఎకరం. హైస్కూలుకు 30 ఎకరాలు, ఆపైన వంద మందికి ఎకరం చొప్పున. 600 మంది చిన్నపిల్లల బడికి 16 ఎకరాలు, 1,500 మంది హైస్కూలుకు 45 ఎకరాలు కావాలన్నమాట. పిల్లలకు ఎండ తగలాలి, గాలి ఆడాలి, పరుగెత్తడానికి చోటు ఉండాలి, రేపు పిల్లలు పెరిగితే గదులు వేసుకునే వీలుండాలి. ఈ కోరికల్లో చెడ్డది ఒక్కటీ లేదు. ఇరుకు గదుల్లో, ఆటస్థలం లేని బడుల్లో చదివిన మనవాళ్లు ఆ లెక్క చూస్తే ఇది కదా బడి అంటే అనుకుంటారు.

కాకపోతే ఇళ్లు ఉన్న చోట ఒక్కచోటే 16 ఎకరాలు ఖాళీగా దొరకవు. దొరకాలంటే ఇళ్లు కూల్చాలి. 45 ఎకరాల మాట అసలే వద్దు. దాంతో స్కూల్ బోర్డు కళ్లు ఊరి పొలిమేర మీద పడ్డాయి. అక్కడ భూమి చౌక. కొన్నిచోట్ల కొత్త కాలనీ వేసే వ్యాపారి స్థలం ఊరికే ఇస్తాడు, పక్కన బడి ఉంటే తన ప్లాట్ల ధర పెరుగుతుంది కాబట్టి. అలా వచ్చిన ఎకరాల్లో పిల్లలు పరుగెత్తే భాగం ఎంత, కార్లు నిలిపే భాగం ఎంత, బస్సులు తిరిగే మలుపు ఎంత అని కొలిస్తే అసలు కథ తెలుస్తుంది. బడి దూరమైంది కాబట్టి కార్లు వచ్చాయి, కార్లు వచ్చాయి కాబట్టి ఎకరాలు కావలసి వచ్చాయి, ఎకరాలు కావాలి కాబట్టి బడి ఇంకా దూరం పోయింది. ఆ సంఘం 2004లో ఈ ఎకరాల సూచనను తనంతట తానే విరమించుకుంది. తాము రాసినదాన్ని తామే కొట్టేసుకున్న నిపుణుల్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ తర్వాత కూడా అవే అంకెల్ని తమ నిబంధనల్లో ఉంచుకున్న రాష్ట్రాలకు మాత్రం ఆ మెచ్చుకోలులో వాటా లేదు.

మళ్లీ ఒహాయోకే వద్దాం. పచ్చ ప్రమాణం పెట్టిన ఆ రాష్ట్రంలోనే మూడింట రెండొంతుల సూత్రం ఒకటుంది. పాత బడి మరమ్మతు ఖర్చు కొత్త బడి కట్టే ఖర్చులో మూడింట రెండు వంతులు దాటితే, పాతదాన్ని వదిలేసి కొత్తది కట్టమని సలహా. ప్రజల డబ్బు వృథా కాకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. ఇల్లు నడిపే ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. అయితే ఆ సూత్రం డాలర్లను మాత్రమే లెక్కిస్తుంది. ఊరి నడుమ వీధి మొగలో ఉన్న పాత ఇటుక బడి, మూరెడు మందం గోడలు, ఎత్తయిన కప్పు, నిలువెత్తు కిటికీలు, చుట్టూ మూడు తరాలు నడిచి వచ్చిన దారులు ఆ లెక్కలోకి రావు. కరెంటు దీపాలు సరిగ్గా లేని కాలంలో కట్టిన బడి కాబట్టి పగటి వెలుగుతోనే పాఠం సాగేలా ఆ కిటికీలు పెట్టారు. కొత్త బడికి పాయింట్లు తెచ్చిపెట్టే వెలుగు కూల్చిన బడిలో ముందే ఉంది.

అమెరికా చారిత్రక కట్టడాల జాతీయ ట్రస్టు 2012లో ఒక అధ్యయనం వెలువరించింది. పాత భవనాన్ని తీసేసి దానికంటే 30 శాతం తక్కువ ఇంధనం వాడే కొత్త భవనం కడితే, ఆ కట్టడం వల్ల వాతావరణానికి జరిగిన నష్టం పూడటానికి 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని అది తేల్చింది. సిమెంటు కాల్చడం, ఉక్కు కరిగించడం, ఇటుక మోయడం అన్నీ అందులోకి వస్తాయి. ఇవాళ ఒకటో తరగతిలో చేరిన పిల్ల అమ్మమ్మ అయ్యేదాకా పట్టే అప్పు కూడా అందులో ఉందన్నమాట. ఇదే ట్రస్టు 2000లోనే, పిల్లలు బడికి నడిచి వెళ్లలేకపోవడానికి ఊరవతలి బడులే కారణమని ఒక నివేదిక రాసింది. నా ఉద్దేశంలో ఈ విషయం మీద వచ్చినవాటిలో అదే అన్నిటికన్నా ముందుచూపుతో రాసినది. కట్టడాలను కాపాడేవాళ్లు పిల్లల నడక గురించి రాయవలసి వచ్చింది. రాయవలసిన విద్యాశాఖలు రాయలేదు.

ఇక పసుపు బస్సులు. వీటిని మెచ్చుకోనివాళ్లు ఎవరుంటారు? అమెరికాలో సుమారు 4.8 లక్షల స్కూల్ బస్సులు రోజూ దాదాపు రెండున్నర కోట్ల మంది పిల్లల్ని బడికి చేర్చి, తిరిగి ఇంటికి దింపుతాయి. చీకటితో లేచి, మంచు గడ్డకట్టిన రోడ్ల మీద ఆ బస్సులు నడిపే డ్రైవర్లకు దణ్ణం పెట్టాలి. బస్సు ఆగి ఎర్రదీపాలు వెలిగితే రెండు వైపులా వాహనాలు నిలిచిపోవాలన్న చట్టం మన దేశానికి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. పాత డీజిల్ బస్సుల చోట కరెంటు బస్సులు, పొగ తక్కువ వదిలే బస్సులు తేవడానికి 2021 నాటి చట్టంతో 500 కోట్ల డాలర్లు కేటాయించారు. అది మంచి పని. పిల్లలు పీల్చే పొగ తగ్గుతుంది.

అయితే ఆ బస్సులు ఎవరి తప్పును మోస్తున్నాయో చూడాలి. 1969లో అమెరికాలో ఎనిమిదో తరగతి లోపు పిల్లల్లో 48 శాతం మంది నడిచో సైకిలు తొక్కో బడికి వెళ్లేవారు. 2009కి అది 13 శాతానికి పడిపోయింది. 1969లో 41 శాతం మంది పిల్లల ఇళ్లు బడికి మైలు లోపు ఉండేవి. 2009లో 31 శాతమే. మైలు లోపు ఉన్నవాళ్లలో కూడా అప్పట్లో నూటికి 89 మంది నడిస్తే, తర్వాత 35 మందే నడిచారు. దగ్గర ఉన్న పిల్లలూ మానేయడానికి ఒక కారణం, దూరం నుంచి వచ్చే కార్లతో బడి ముందు రోడ్డు నడిచేవాడికి పనికిరాకుండా పోవడం. హరిత భవనాల మీద ఎంతో కాలం రాసిన అలెక్స్ విల్సన్ 2007లో ఆఫీసు భవనాల లెక్క ఒకటి వేశాడు. సగటు ఆఫీసు భవనం వాడే ఇంధనం కంటే, దానిలోకి రోజూ వచ్చిపోయే ఉద్యోగులు దారిలో కాల్చే ఇంధనం 30 శాతం ఎక్కువ. నిబంధనల ప్రకారం కొత్తగా కట్టిన భవనమైతే రెట్టింపు కంటే ఎక్కువ. కారణం సులువే: భవనం పొదుపైన కొద్దీ దారి వాటా పెరుగుతుంది. బడికి ఈ లెక్క ఇంకా కటువుగా తగులుతుంది. ఉద్యోగి కారు పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. పిల్లను దింపే కారు పొద్దున వచ్చి పోతుంది, మధ్యాహ్నం మళ్లీ వచ్చి పోతుంది. విందు శ్రద్ధగా వండి విస్తళ్లు పక్కూళ్లో వేసినట్టుంది ఈ వ్యవహారం.

దీని బాధ ఎలా ఉంటుందో మన తెలుగు ఇళ్లలో చాలామందికి తెలుసు. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరకో కొడుకు దగ్గరకో వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లను అడగండి. ఇక్కడ ఉన్నంతకాలం మనవణ్ణి చెయ్యి పట్టుకుని బడి నుంచి తెచ్చుకున్న తాత, అక్కడ గడప దాటలేడు. కారు నడపడం రాదు. బడి ఎటుందో తెలుసు, నడిచే దారి లేదు. ఇంటి కిటికీ దగ్గర కూర్చుని పసుపు బస్సు కోసం చూస్తాడు. ఆ బడికి గోల్డ్ ఫలకం ఉండొచ్చు, దాని గాలి మన ఆస్పత్రుల గాలి కన్నా శుభ్రంగా ఉండొచ్చు. ఇల్లు కొనేముందు బడి రేటింగ్ చూసుకునే మన పిల్లలు, ఆ రేటింగ్‌లో దారి అన్న గడి లేదని గమనించరు. వాళ్లను తప్పుపట్టలేం. చూపించిన గడులే ఎవరైనా చూస్తారు.

దూరం ఒక్కటే కాదు, అడుగున ఏముందన్నదీ చూడాలి. ఇక్కడ నేను ఒక దస్తావేజును పొగడాలి. 1953 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ ఊళ్లో హుకర్ కెమికల్ కంపెనీ తన పాత కాలువ స్థలాన్ని స్కూల్ బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. లవ్ కెనాల్ అనే ఆ గుంటలో కంపెనీ అంతకుముందు పూడ్చిన రసాయన వ్యర్థాలు దాదాపు 20 వేల టన్నులు. ఆ సంగతి దస్తావేజులో దాచలేదు. రసాయనాల తయారీలో మిగిలిన చెత్తతో ఈ భూమిని పూడ్చాం, దానివల్ల ఏ హాని జరిగినా బాధ్యత కొన్నవాళ్లదే అన్న అర్థంలో చివరి పేరాలో రాసి ఉంది. అంత సూటిగా రాసిన కాగితం చేతిలో ఉంది. బోర్డు సంతకం పెట్టి, స్థలం తీసుకుంది.

దస్తావేజు కన్నా ఎక్కువగా పొగడవలసినవాడు ఆ బడి ఆర్కిటెక్టు. పునాదులు తవ్వుతుంటే రసాయనాల డ్రమ్ములు నిండిన గుంటలు రెండు బయటపడ్డాయి. లోపల ఏముందో తెలియని చోట బడి కట్టడం మంచి విధానం కాదని, కాంక్రీటు పునాదులు కూడా దెబ్బతినవచ్చని 1954 జనవరిలో ఆయన లేఖ రాశాడు. తనకు పని ఇచ్చినవాళ్లకు నచ్చని మాట కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు. బోర్డు ఆ లేఖ చదివి, బడిని ఎనభై అయిదు అడుగుల లోపే ఉత్తరానికి జరిపింది. చిన్నపిల్లల ఆటస్థలాన్నీ కొద్దిగా జరిపారు. 1955లో 99వ వీధి బడి తెరుచుకుంది, నాలుగు వందల మంది పిల్లలు చేరారు. 1978 ఆగస్టులో రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి ఆ బడిని మూసేయమని ఆదేశించాడు. ఆ రోజుల్లో వీధి వీధి తిరిగి, ఏ ఇంట్లో ఏ రోగం ఉందో రాసుకుని, అధికారుల్ని నిలదీసింది ఆ కాలనీ తల్లులు. వాళ్లలో ముందు నిలిచిన లోయిస్ గిబ్స్ కొడుకు ఆ బడిలోనే చదివాడు. విషపు నేలల్ని శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం 1980లో వచ్చిందంటే అందులో ఆ తల్లుల చెమట ఉంది.

లాస్ ఏంజెలెస్‌లో కథ మరో రకం. నగరం నడిబొడ్డుకు పశ్చిమంగా, వలస వచ్చిన పేద కుటుంబాలు కిక్కిరిసి ఉండే చోట బడి లేక పిల్లల్ని బస్సుల్లో దూరాలకు పంపుతుండేవారు. వాళ్లకు ఇంటి దగ్గరే హైస్కూలు ఇవ్వాలని బెల్మాంట్ బడిని మొదలుపెట్టారు. ఆ కోరిక నూటికి నూరు పాళ్లు సరైనదే. అయితే ఆ నేల పాత చమురు క్షేత్రం. అడుగు నుంచి మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు పైకి వస్తున్నాయని నిర్మాణం బాగా సాగాక పెద్ద గొడవైంది, పని ఆగిపోయింది. తర్వాత భూకంపపు పగులు కూడా కనిపించి, కట్టిన భవనాల్లో కొన్ని కూల్చారు. చివరికి 2008లో వేరే పేరుతో బడి తెరిచేసరికి ఖర్చు 40 కోట్ల డాలర్ల దరిదాపులకు చేరింది. దగ్గరి స్థలం దొరికితే చాలు, అడుగు చూడనక్కర్లేదు అనుకున్నందుకు చెల్లించిన ధర అది. ఆ దెబ్బతో కాలిఫోర్నియా కళ్లు తెరిచింది. 2000 నుంచి కొత్త బడి స్థలాలకు రాష్ట్ర విషపదార్థాల శాఖ పరీక్ష తప్పనిసరి చేసింది. 2003లో పెద్ద రహదారికి 500 అడుగుల లోపు బడి పెట్టడాన్ని కట్టడి చేసింది. హైటెన్షన్ తీగలకు ఎంత దూరం ఉండాలో అంతకుముందే అడుగుల్లో రాసి పెట్టింది. ఇవి పాయింట్లు కావు, చట్టం. సంపాదించినా సంపాదించకపోయినా ఫరవాలేదనే వీలు ఇక్కడ లేదు. కాలిఫోర్నియాకు నా పొగడ్త పూర్తిగా చెందుతుంది.

దేశం మొత్తానికీ ఇలాంటిది కావాలని అమెరికా పర్యావరణ సంస్థ 2011లో బడి స్థలాల ఎంపికకు మార్గదర్శకాలు వెలువరించింది. ముందు పాత బడిని బాగుచేసే వీలుందా చూడండి, పిల్లలు నడిచి రాగల చోటు వెతకండి, కొనకముందే నేలను పరీక్షించండి, ఊరి జనాన్ని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి అని అందులో ఉంది. ఇంత నిండైన పత్రం మరొకటి నేను చదవలేదు. అయితే దాన్ని పాటించడం స్వచ్ఛందం. పాటించాలనుకున్న బోర్డుకు అది దీపం. పాటించని బోర్డును అడిగే అధికారం మాత్రం దానికి ఇవ్వలేదు.

సరైన చోట కట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకపోతే ఈ స్తుతి అన్యాయమవుతుంది. కాన్సాస్‌లోని గ్రీన్స్‌బర్గ్ ఊరిని 2007 మే 4న సుడిగాలి తుడిచిపెట్టేసింది. మళ్లీ కట్టుకునేటప్పుడు వాళ్లు బడిని ఊరి బయటికి తీసుకుపోలేదు. ఊళ్లోనే కట్టి, ప్లాటినం కూడా తెచ్చుకున్నారు. వర్జీనియాలోని ఆర్లింగ్టన్ వాళ్లు 2015లో డిస్కవరీ అనే ప్రాథమిక బడి కట్టారు. కొత్త పొలం కొనలేదు. ఉన్న మిడిల్ స్కూలు ఆవరణలోనే చోటు చూసుకుని, ఏడాదికి వాడినంత కరెంటును తన కప్పు మీదే పుట్టించుకునే బడి నిలబెట్టారు. ప్రమాణమూ స్థలమూ రెండూ కుదరవన్న సాకు ఈ రెండు ఊళ్ల ముందు నిలవదు. లీడ్ కూడా 2013లో వచ్చిన నాలుగో రూపంలో స్థలం, ప్రయాణం అని ఒక విభాగాన్నే విడిగా పెట్టి, బడులకు అందులో 15 పాయింట్లు ఇచ్చింది. ముందున్నదాని కన్నా ఎంతో మేలు. అయినా అవి ఇప్పటికీ పాయింట్లే. పొలంలో కట్టిన బడి వాటిని వదులుకుని కూడా పై మెట్టు ఎక్కగలదు.

ఈ లీడ్ మనకు దూరపు సంగతి కాదు. అమెరికా బయట మొట్టమొదటి ప్లాటినం భవనం 2003లో హైదరాబాద్‌లోనే వచ్చింది. మరుసటి ఏడాది అబ్దుల్ కలాం గారు దాన్ని ప్రారంభించారు. నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు, మన పెద్దలకు తెలిసినవే అందులో మళ్లీ కనిపించాయి. భారతీయ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ కేంద్రం కూడా అదే. బడులకు విడిగా రేటింగ్ ఇచ్చే పద్ధతినీ ఆ కౌన్సిల్ తెచ్చింది.

అయితే మన దేశంలో అన్నిటికన్నా పచ్చని నిబంధన ఏదంటే నేను విద్యాహక్కు చట్టం వైపే చూపిస్తాను. 2009 నాటి ఆ చట్టం కింద రాసిన నిబంధనల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని ఉంది. దాన్ని అంతే సూటిగా, పాయింట్లు లేకుండా రాశారు. సోలార్ పలకల ఊసు దానిలో లేదు. పిల్ల కాళ్లే దాని కొలమానం. ఇంత గొప్ప నియమం రాసుకున్న దేశం అయినందుకు మనం గర్వించాలి. దాన్ని ఎన్ని ఊళ్లలో నిలబెట్టుకున్నామో కూడా అంతే గట్టిగా అడగాలి.

అలాగే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 15,715 బడులతో తొలి విడత మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో 26,065 బడుల కోసం ప్రకటించిన మన ఊరు-మన బడి. ఈ రెండింటి పేరులోనూ హరితం లేదు. అయినా ప్రధానంగా ఉన్న బడిని ఉన్న చోటే బాగుచేయడం, మరుగుదొడ్డికి నీళ్లు తేవడం, కప్పు కారకుండా చూడటం, ప్రహరీ కట్టడం వాటి పనిగా ఉండేది. ఊరి నడుమ బడిని ఊరి నడుమే నిలిపిన ప్రతి రూపాయినీ పొగడాలి. అలాంటి పనులు చాలాచోట్ల మధ్యలో ఆగిపోయి, ఇనుప చువ్వలు తుప్పుపట్టడం మాత్రం ఏ ప్రభుత్వానికీ మర్యాద కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపన చేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లల్ని వేరు వేరు ఆవరణల్లో కాక ఒకే చోట చదివించాలన్న ఆలోచనకు నేను చేతులు జోడిస్తాను. ఒక్కో బడికి 20 నుంచి 25 ఎకరాలు అంటున్నారు. హాస్టలు బడి కాబట్టి రోజూ రాకపోకలు ఉండవు, నిజమే. ఆ ఎకరాలు ఎక్కడివన్నది చూడాలి. మన దగ్గర బడికి స్థలం అంటే ప్రభుత్వ భూమి ఎక్కడ మిగిలిందా అని వెతకడమే అలవాటు. మిగిలింది చాలాసార్లు చెరువు శిఖమో, వాగు ఒడ్డో, శ్మశానం పక్కనో, బస్సు ఆగని చోటో అవుతుంది. ఆదివారం బిడ్డను చూడటానికి వచ్చే కూలి తల్లి ఎక్కడ బస్సు దిగి ఎంత దూరం నడవాలి? జ్వరం వచ్చిన పిల్లను రాత్రిపూట ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలి? వానాకాలం ఆ వాగు ఎంత పొంగుతుంది?

2022లో ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతుల్ని దగ్గరి హైస్కూళ్లలో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మ్యాపు మీద ఆ హైస్కూళ్లు కిలోమీటరు లోపే. వాళ్లు చెప్పింది వేరే. పిల్లలు హైవే దాటాలి, కాలువ గట్టు మీద నడవాలి, రైలు పట్టాలు దాటాలి అన్నారు. ఏడెనిమిదేళ్ల పిల్లల అడుగుల్ని అంత దగ్గరగా కొలిచిన స్థల పరీక్ష మరొకటి నేను ఎరగను. కొత్త బడికి భూమి కేటాయించే ఫైలు మీద కలెక్టరు సంతకం పెట్టేముందు ఆ ఊరి తల్లుల్ని స్థలం మీదికి పిలవాలి. ఇళ్ల నుంచి ఆ స్థలం దాకా వాళ్లతో కలిసి, పొద్దున ఎనిమిదిన్నరకు, పిల్లల్ని వెంటబెట్టుకుని నడవాలి. వాళ్లు వద్దన్న చోట బడి కట్టకూడదు.